ఆశపడేది ఎవరు?

"ఆశాజనకంగా, రేపు వాన రాదు." ఇలాంటి వాక్యాలు ఈమధ్య అనువాద కథల్లో తరచు తగులుతున్నాయి. వెనకున్న ఇంగ్లీషు మాట 'హోప్‌ఫుల్లీ' అని నేను పోల్చుకోగలను. ఆఫీసు మీటింగుల్లో రోజూ వాడేదే. ఇంగ్లీషు రాని మా అమ్మకి మాత్రం ఈ వాక్యం ఏం చెప్తుంది? వాన రాకపోవడం ఆశ పుట్టించే సంగతి అని. వ్యవసాయం ఇంట్లో పుట్టిన మనిషి, నవ్విపోతుంది.

ఈ మాట మీద ఇంగ్లీషువాళ్ళూ తక్కువ కొట్టుకోలేదు. దాని పాత అర్థం 'ఆశగా', కుక్క గిన్నెకేసి ఆశగా చూసింది అంటామే, అది. 'ఆశిస్తున్నాం' అనే అర్థంలో వాక్యానికి ముందు తగిలించడం అమెరికాలో 1960ల నుంచి బాగా పెరిగింది. స్ట్రంక్, వైట్‌ల 'ది ఎలిమెంట్స్ ఆఫ్ స్టైల్' అది తప్పంది. అసోసియేటెడ్ ప్రెస్ స్టైల్‌బుక్ 2012లో గానీ ఒప్పుకోలేదు. నాకైతే ఇది వట్టి చాదస్తం. 'ఫ్రాంక్లీ, సినిమా బాలేదు' అంటే నిష్కపటంగా ఉన్నది సినిమా అని ఎవరైనా అనుకుంటారా?

కానీ ఇంగ్లీషులో చెల్లింది కదా అని '-గా' తగిలించి తెలుగులో దింపేస్తే కుదరదు. 'సాధారణంగా', 'నిజంగా' లేవా అంటారేమో. ఉన్నాయి, వాటికి మనిషితో పనిలేదు. ఆశకి మాత్రం ఆశపడేవాడు కావాలి. "రాదనే అనుకుంటున్నా" వేరు, "రాకుంటే బావుణ్ణు" వేరు. మొదటిది అంచనా, రెండోది కోరిక. ఇంగ్లీషు మాట రెంటినీ కలిపేస్తుంది. ఏది ఎంత పాలో తేల్చుకోవాల్సింది అనువాదకుడే. 'ఆశాజనకంగా' అని రాసినవాడు ఆ పని ఎగ్గొట్టాడు.

పోనీ, ఆ మాట వదిలేస్తే? అదీ చేసి చూశాను. నాన్న ఆపరేషన్ అయ్యాక డాక్టరుగారు "హోప్‌ఫుల్లీ, రెండ్రోజుల్లో డిశ్చార్జ్" అన్నారు. "ఏమంటున్నార్రా?" అంది అమ్మ. "రెండ్రోజుల్లో పంపేస్తారట" అన్నాను. ఆరు రోజులు పట్టింది. మూడోరోజు నుంచి అమ్మ మొహం చూడలేకపోయాను. డాక్టరుగారు అబద్ధం చెప్పలేదు. ఆయన ఒక్క మాటలో ఉంచిన అనుమానాన్ని నేను మింగేశాను. "అంతా బావుంటే పంపుతారటమ్మా" అంటే సరిపోయేది.

అనువాదకులారా, డిక్షనరీ తర్వాత చూద్దురుగాని. ముందు ఆ వాక్యంలో ఆశపడుతున్నది ఎవరో, ఎంత నమ్మకంతోనో చూడండి.