గుడిగంట, బడిగంట

ఫిబ్రవరి 2ను కతోలికులు సమర్పిత జీవిత దినంగా పాటిస్తారు. పోప్ రెండో జాన్‌పాల్ 1997లో ఈ ఆనవాయితీ మొదలుపెట్టారు. మాటపట్టు తీసుకుని మఠంలో చేరినవాళ్లను తలుచుకునే రోజిది. బసంత్‌నగర్ నుంచి గోదావరిఖని దాకా ఉన్న మనకు, చర్చి గడప ఎన్నడూ తొక్కనివాళ్లకు సైతం, ఈ రోజుతో సంబంధముంది. బాయి పనుల కథలు, 1969లో మొదలైన కేశోరాం సిమెంటు ఫ్యాక్టరీ కథలు ఇక్కడ ఏ అరుగు మీద కూర్చున్నా వినిపిస్తాయి. కార్మికుల పిల్లల వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించిన సిస్టర్ల కథ మాత్రం ఎవరూ ఎత్తరు.

తెలుగునేలకు వీళ్లు కొత్తవాళ్లు కారు. ఆన్సీ నుంచి సెయింట్ జోసెఫ్ సిస్టర్లు 1849లోనే యానాం చేరారు. నెదర్లాండ్స్‌కు చెందిన జె.ఎం.జె. సిస్టర్లు 1904లో గుంటూరు వచ్చారు. తెలంగాణకు దగ్గరి కథ సికింద్రాబాద్‌ది. ఇటలీలోని ట్యూరిన్ నగరంలో పిల్లలు లేని ఒక సంపన్న దంపతులు, కార్లో తాంక్రేది, జూలియా, తమ ఆస్తిని పేదల చదువుకు ధారపోశారు. జైల్లో ఉన్న ఆడవాళ్ల మధ్య కూర్చుని వాళ్లకు చదవడం నేర్పిన ఇల్లాలు జూలియా. ఆ దంపతులు 1834లో స్థాపించిన సెయింట్ ఆన్ సభ సిస్టర్లు 1871లో సికింద్రాబాద్‌లో దిగి బడి పెట్టారు. ఆడపిల్లకు చదువెందుకని పెద్దలే అడిగే కాలమది. ఆ ప్రశ్న పూర్తిగా పోయిందనీ అనలేం: 2011 జనాభా లెక్కల్లో కూడా తెలంగాణ స్త్రీల అక్షరాస్యత 58 శాతం దాటలేదు.

గోదావరి ఆవలి ఒడ్డుకు సిస్టర్లు మరో దారిన వచ్చారు. కేరళలో ప్రతి చర్చి పక్కనా బడి ఉండాలని పట్టుబట్టిన చావర కురియాకోస్ ఏలియాస్ గురువు 1866లో కూనమ్మావులో కార్మెల్ సిస్టర్ల మఠానికి పునాది వేశారు. ఆయన ఆరంభించిన గురువుల సభకే 1962లో చాందా ప్రాంతాన్ని అప్పగించారు. అందులోంచే 1999లో మంచిర్యాల కేంద్రంగా ఆదిలాబాద్ మేత్రాసనం ఏర్పడింది. కేరళ నుంచి వచ్చిన సిస్టర్లు ఇక్కడి భాష నేర్చుకుని, ఇక్కడి ఎండకు అలవాటుపడ్డారు. పొట్టచేత పట్టుకుని నలుదిక్కుల నుంచి వచ్చినవాళ్లతో నిండిన ఈ బొగ్గునేలలో వాళ్లూ వలస వచ్చినవాళ్లే.

సిస్టర్ బతుకులో బడిని, ప్రార్థనను విడదీసి చూడటం మన పొరపాటు. తెల్లవారకముందే లేచి మౌనధ్యానం, తరువాత దివ్యపూజ, ఆపైన బడిగంట. సాయంత్రం జపమాల, పడుకునే ముందు ఆ రోజు తాను ఎవరిని నొప్పించానో వెతుక్కునే ఆత్మపరిశీలన. నలభైమంది పిల్లల మధ్య ఓర్పు తప్పిన రోజు, ఆ తప్పిన ఓర్పును తిరిగి తెచ్చుకునే చోటు అదే. చేతికొచ్చిన జీతం మఠానిది. బదిలీ ఉత్తరం వస్తే, పేరుపేరునా తెలిసిన పిల్లలను విడిచి వెళ్లాలి. అన్నిటిలోకీ కష్టమైన త్యాగం ఇదేనని నాకనిపిస్తుంది.

పని, ప్రార్థన విడివిడి కావనడానికి కార్మెల్ సభకే చెందిన ఎవుప్రాసియమ్మ జీవితం సాక్ష్యం. నవశిష్యలకు గురువుగా, మఠానికి పెద్దగా ఉన్నా, కేరళలోని ఒల్లూరు జనం ఆమెను ప్రార్థించే అమ్మ అనే పిలిచారు. ఆమె 1952లో కన్నుమూశారు. 2014 నవంబరు 23న చావర గురువుతో పాటే పునీతురాలయ్యారు.

రాత్రి షిఫ్టు చేసొచ్చి పగలు పడుకునే తండ్రి, ఒక్క గదిలో సద్దుమణగని ఇల్లు, హోంవర్కు చేయని పిల్లవాడు. ఇది మన కాలనీల వాస్తవం. ఆ పిల్లవాణ్ని కొట్టకుండా కారణం అడగాలంటే తీరికా, ప్రేమా రెండూ కావాలి. మంచి సిస్టర్ల దగ్గర ఆ రెండూ ఉండేవి.

ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. పేదల కోసం మొదలైన కాన్వెంటు బళ్లు చాలాచోట్ల ఫీజు కట్టగలిగినవాళ్ల బళ్లయ్యాయి. పర్మినెంటు కార్మికుడి బిడ్డకు దొరికే సీటు కాంట్రాక్టు కార్మికుడి బిడ్డకు అందకపోతే, పేదరికపు మాటపట్టుకు అర్థమేమిటో మఠాలే తమను తాము అడగాలి. కేరళలో మఠాల్లో చేరే యువతులు తగ్గుతున్నారు. రేపు సిస్టర్ ఉండని క్లాసును నడిపేది బయటి టీచర్లే. వాళ్లకు న్యాయమైన జీతమివ్వడం కూడా ఈ వారసత్వంలో భాగమే.

పూర్వ విద్యార్థులకు మా విన్నపం ఒకటుంది. మీకు చదువు చెప్పిన సిస్టర్లలో చాలామంది ఇప్పుడు వృద్ధాప్యంలో ఏదో మఠంలో విశ్రాంతి తీసుకుంటుంటారు. బడి ఆఫీసులో అడిగితే ఎక్కడున్నారో చెబుతారు. ఈ ఫిబ్రవరిలోనే వెళ్లి కలవండి. వాళ్లు వచ్చిన ఏడు, అప్పటి బడి, అప్పటి ఊరు, వాళ్ల నోటనే చెప్పించి రాసుకోండి. బడి జూబిలీ సంచికల్లో మేనేజర్ల ఫొటోల పక్కన ఆ పేజీలు కూడా అచ్చు వేయించండి. ఆ సిస్టర్ పేరున కాంట్రాక్టు కార్మికుడి కూతురొకతెకు పదో తరగతి దాకా ఫీజు కట్టండి.