తండ్రికి పెళ్లి కాలేదని బిడ్డకు శిక్షా?

లండన్ ఆసుపత్రిలో పుట్టిన ఇద్దరు బిడ్డల సంగతి ఆలోచించండి. ఒకరు 2006 జూన్ 30న పుట్టారు, మరొకరు జూలై 1న. ఇద్దరి తండ్రులూ బ్రిటిష్ పౌరులే. తల్లులు తాత్కాలిక వీసా మీద ఉన్న విదేశీయులు. ఏ జంటకూ పెళ్లి కాలేదు. రెండో బిడ్డ పుట్టుకతోనే పౌరుడు. మొదటి బిడ్డ కాడు.

1983 జనవరి 1న అమలులోకి వచ్చిన జాతీయత చట్టం ప్రకారం తల్లిని పెళ్లాడినవాడే తండ్రి. విచిత్రమేమిటంటే, పెళ్లికాని తండ్రి దగ్గర బిడ్డ పోషణ ఖర్చు వసూలు చేయడానికి అదే దేశం 1991లో చట్టం చేసింది. డబ్బు కట్టించుకోవడానికి తండ్రి, పౌరసత్వం ఇవ్వడానికి మాత్రం కాదు! 2006లో నిర్వచనం మార్చారు గాని, అంతకుముందు పుట్టినవారిని వదిలేశారు. వారికి 2015 ఏప్రిల్ 6న రిజిస్ట్రేషన్ దారి తెరిచి, దానికీ 'సత్ప్రవర్తన' పరీక్ష పెట్టారు. పెళ్లయిన తండ్రి బిడ్డను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

జాన్సన్ 1985లో జమైకాలో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ పౌరుడు. నాలుగేళ్లప్పుడు బ్రిటన్ వచ్చి అక్కడే పెరిగాడు. నరహత్య నేరానికి శిక్ష పడ్డాక ప్రభుత్వం అతన్ని జమైకాకు పంపేయబోయింది. అతను చేసింది ఘోరమే, మేము దాన్ని వెనకేసుకు రావడం లేదు. కాని తల్లిదండ్రులకు పెళ్లయి ఉంటే అతను పౌరుడై ఉండేవాడు, శిక్ష అనుభవించి అక్కడే ఉండేవాడు. 2016 అక్టోబరులో సుప్రీంకోర్టు ఈ వివక్ష మానవ హక్కులకు విరుద్ధమని తీర్పు ఇచ్చింది. ఆ పరీక్షను తీసేయడానికి 2019 దాకా పట్టింది.

ఇలా హక్కులిస్తే వివాహానికి విలువేముంటుందని మన సంఘాల్లో కొందరు పెద్దలు అడుగుతారు. వివాహం పవిత్రమని మేమూ నమ్ముతాం. అయితే పెళ్లి చేసుకోనిది తల్లిదండ్రులైతే, పాస్‌పోర్టు పోగొట్టుకున్నది బిడ్డ. ఈ లెక్క ఏ న్యాయానికి సరిపోతుందో ఆ పెద్దలే చెప్పాలి.

ఇప్పటికీ అన్యాయం పూర్తిగా పోలేదు. తల్లికి పాత భర్తతో విడాకులు కాకపోతే చట్టం అతన్నే తండ్రిగా చూస్తుంది. 2018లో హైకోర్టు తప్పుపట్టాక, 2022లో ఆ పిల్లలకూ రిజిస్ట్రేషన్ అవకాశం ఇచ్చారు. అంటే మళ్లీ దరఖాస్తే. రిజిస్టరైన రోజు నుంచే పౌరసత్వం, పుట్టిన రోజు నుంచి కాదు. ఈలోగా వారికి పుట్టిన పిల్లలకు అది దానంతటదే రాదు. పుట్టుకతోనే పౌరులుగా గుర్తించాలని మేము అడుగుతున్నాం.

అంతవరకు, బ్రిటన్‌లో గాని ఇండియాలో గాని మీకు తెలిసినవారు ఇలాంటివారుంటే యు.కె.ఎఫ్. ఫారం గురించి చెప్పండి. తండ్రి ఫలానా అని రుజువు కావాలి, అందుకు డి.ఎన్.ఎ. పరీక్ష ఒక్కటే దారి కాదు. తండ్రి పాత కాగితాలు ఏవున్నా పారేయవద్దని కూడా చెప్పండి.