కోడి హుషారుగానే ఉంటుంది!

పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాదిపాటు నిషేధించింది. హైదరాబాద్‌లో మోమోలు తిన్న ఓ మహిళ మరణించి, పలువురు ఆసుపత్రుల పాలయ్యాక తీసుకున్న నిర్ణయమది. ఇది రాజధానికే పరిమితమైన సంగతి కాదు. హైదరాబాద్–బెంగళూరు జాతీయ రహదారి మీదున్న కొత్తకోట లాంటి పట్టణాల్లోని కుటుంబాలకూ పట్టాల్సిన విషయమే.

గుడ్డు తాజాగా ఉంది, పెంకు పగల్లేదు, ఇక భయమెందుకని చాలామంది అనుకుంటారు. సాల్మొనెల్లా బ్యాక్టీరియా విషయంలో ఆ ధీమా చెల్లదు. మేత, నీటితోపాటు కోడి పేగుల్లోకి చేరిన ఈ సూక్ష్మజీవి, సూది లాంటి నిర్మాణంతో పేగు కణంలోకి తన ప్రొటీన్లను ఎక్కిస్తుంది. దాంతో ఆ కణమే దాన్ని లోపలికి లాక్కుంటుంది. అక్కణ్నుంచి అది రోగనిరోధక వ్యవస్థకు చెందిన మాక్రోఫేజ్ కణాలకు చిక్కుతుంది. క్రిములను మింగి అరిగించుకోవడమే వాటి పని. సాల్మొనెల్లా మాత్రం అరగదు. తనను మూసి ఉంచిన చిన్న తిత్తినే గూడుగా మార్చుకుని, జీర్ణరసాలు దరిచేరకుండా చూసుకుని అక్కడే పెరుగుతుంది. కాపలా కాయాల్సిన కణాల్లోనే ప్రయాణిస్తూ కాలేయం, ప్లీహం వరకూ చేరుతుంది. ఎంటెరిటిడిస్ అనే రకం పెట్ట అండాశయంలోకీ చేరి, పెంకు ఏర్పడకముందే గుడ్డులోకి ప్రవేశించగలదు. ఇంత జరిగినా పెద్ద కోడిలో చాలాసార్లు జబ్బు లక్షణాలేవీ కనిపించవు. మేత తింటుంది, గుడ్లు పెడుతుంది.

అందుకే కోళ్ల ఫారాల్లో యాంటీబయోటిక్స్ గుమ్మరించడం పరిష్కారం కాదు. కణాల్లో నక్కిన క్రిములను పూర్తిగా తుడిచిపెట్టడం మందులకు కష్టం. పైగా మందులకు లొంగని రకాలు పుట్టుకొస్తాయి. మనుషులకు ఆఖరి అస్త్రంగా వాడే కొలిస్టిన్‌ను కోళ్లకు, పశువులకు వాడకుండా కేంద్రం 2019లో నిషేధించింది ఈ భయంతోనే. 1980ల చివర్లో గుడ్ల వల్ల సాల్మొనెల్లా కలకలం చూసిన బ్రిటన్, ఆ తర్వాత గుడ్లు పెట్టే కోళ్లకు టీకాలు వేయించి, ఫారాల పరిశుభ్రతపై పట్టు బిగించింది. సింహం ముద్ర ఉన్న గుడ్లను గర్భిణులు, పసిపిల్లలు కూడా సగం ఉడికినవైనా తినవచ్చని 2017లో అక్కడి ఆహార ప్రమాణాల సంస్థ ప్రకటించగలిగింది. మన వీధి చివర దుకాణంలో కొనే గుడ్డుకు అలాంటి భరోసా లేదు.

అది వచ్చేదాకా మన చేతిలో ఉన్న ఆయుధం పొయ్యి మంటే. చికెన్ ముక్క లోపలి వరకూ 74 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే సాల్మొనెల్లా చస్తుంది. బాగా ఉడికిన మన కోడికూర ఆ వేడిని సులువుగా దాటుతుంది. అసలు ముప్పు కూర ఉడకకముందు ఉంటుంది. మాంసం కోసిన కత్తితోనే ఉల్లిపాయ, కీరదోస కోస్తే క్రిమి నేరుగా పచ్చి ముక్కల్లోకి వస్తుంది. చికెన్‌ను కుళాయి ధార కింద కడిగితే ఆ తుంపరలు పక్కనున్న గిన్నెల మీద పడతాయి. ఉప్పు, పసుపు రాసినంత మాత్రాన క్రిమి చావదు. మాంసాన్ని ఫ్రిజ్‌లో మూతపెట్టి కింది అరలో ఉంచాలి. పిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు హాఫ్‌బాయిల్ వద్దు, సొన గట్టిపడేదాకా ఉడికిన గుడ్డే పెట్టాలి.

ఇది సోకితే జ్వరం, విరేచనాలు, కడుపునొప్పి వస్తాయి. చాలామందికి వారం లోపే తగ్గుతుంది. ముందుగా ఓఆర్‌ఎస్ ద్రావణం పట్టించాలి. మెడికల్ షాపులో అడిగి యాంటీబయోటిక్ మింగొద్దు. మలంలో రక్తం పడినా, జ్వరం తగ్గకపోయినా, మూత్రం తగ్గినా వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

వంటింట్లో జాగ్రత్త గృహిణి ఒక్కరి బాధ్యత అనుకుంటే అది అన్యాయం. ఫారంలో టీకా, బండి దగ్గర తనిఖీ కూడా ఉండాలి. మరణం సంభవించాక విధించే నిషేధం కన్నా, ఏడాది పొడవునా సాగే తనిఖీయే ప్రాణాలను కాపాడుతుంది.