గుమాస్తా కలం ఆగిపోతుందా?

గుంటూరు మిరప యార్డుకు ఎప్పుడైనా వెళ్ళారా? ఘాటుకు తుమ్ములు ఆగవు! ఆ తుమ్ముల మధ్యనే గుమాస్తాలు రైతు పేరు, బస్తాలు, తూకం, ధర చిట్టాకెక్కించి, లెక్కకట్టి, పట్టీ రాసి ఇచ్చేవారు. కాస్త చదువుకున్న పల్లెటూరి కుర్రవాళ్ళకు అదొక బతుకుతెరువు.

2016 ఏప్రిల్ 14న మన దేశంలో ‘ఈ-నామ్’ అనే ఎలక్ట్రానిక్ మార్కెట్ మొదలైంది. గుంటూరు యార్డు కూడా అందులో చేరింది. ఈ పద్ధతిలో సరుకుకు ఒక లాట్ నంబరు ఇస్తారు. వ్యాపారులు తమ ధరను కంప్యూటర్లో నమోదు చేస్తారు. వాటిలో ఏది ఎక్కువో కంప్యూటరే తేలుస్తుంది, బిల్లూ కడుతుంది.

మరి గుమాస్తా సంగతి? రాసిందే మళ్ళీ రాసే ఉద్యోగాలు తగ్గక తప్పదు. ఈ మాట మీకు దాచడం న్యాయం కాదు. అయితే ఒకటి గమనించండి. 63 బస్తాలకు 36 అని నొక్కితే, యంత్రం ఆ 36కే చక్కగా లెక్కకడుతుంది! తక్కిన 27 బస్తాలు ఒక రైతు ఏడాది కష్టం. “ఆగండి, ఎక్కడో పొరపాటుంది” అనగలిగేది సరుకు తెలిసిన మనిషే.

అందుకే యంత్రం వచ్చిందని పాత గుమాస్తాను పంపెయ్యకూడదు. కొత్త పని ముందుగా అతనికే నేర్పాలి. మీరు కూడా కంప్యూటర్ తప్పక నేర్చుకోండి. కానీ మీట నొక్కేముందు జవాబు సుమారుగా ఎంత రావాలో మనసులో అంచనా వేసుకోండి. ఆ అలవాటున్నవారికి పని దొరకకపోదు.