ఓడ తప్పుకున్నా తుపాను తప్పదు

సముద్రయానం మానవునికి కొత్త కాదు. సముద్రం మీదికి వెళ్లినవారి కోసం ఒడ్డున మిగిలినవారు పడే ఆరాటమూ కొత్తది కాదు. పూర్వం ఓడ రేవు విడిచిందంటే, తిరిగి దాని తెరచాప కంటబడే వరకు ఇంటివారికి దాని జాడ తెలిసేది కాదు. నేడు ఆ పరిస్థితి తారుమారైంది. ఓడ ఏ దీవికి చేరువలో ఉన్నదో, తుపాను ఏ దిక్కుకు కదులుతున్నదో, వేల మైళ్ల దూరంలో ఉన్నవారికి సైతం చేతిలోని ఫోను చూపిస్తున్నది. వార్త తెలియక పడే దిగులు ఒకనాటిది. వార్త తెలిసి కూడా దాని అర్థం తెలియక పడే దిగులు నేటిది.

ఈ దిగులుకు కరీబియన్ సముద్రం మంచి ఉదాహరణ. అమెరికాలోని మయామి, ఫోర్ట్ లాడర్‌డేల్ వంటి రేవుల నుండి విహారనౌకలు బహామాస్ దీవులకు, జమైకాకు, మెక్సికో తీరంలోని కొజుమెల్‌కు నిత్యం ప్రయాణిస్తుంటాయి. పెద్ద నౌక ఒక్కటే కొన్ని వేలమందిని మోసుకుపోతుంది. ఉద్యోగాల కోసం అమెరికాలో స్థిరపడిన తెలుగువారు, తమను చూడవచ్చిన తల్లిదండ్రులను ఈ నౌకల్లో విహారానికి తీసుకువెళ్లడం ఇటీవలి కాలంలో వింతేమీ కాదు. అయితే అట్లాంటిక్ సముద్రంలో జూన్ 1 నుండి నవంబరు 30 వరకు తుపానుల కాలం. సెప్టెంబరులో దాని ఉధృతి పతాకస్థాయికి చేరుతుంది. ఆ రోజుల్లో అమ్మానాన్నలు ఓడ ఎక్కారని విన్న కూతురికి గుంటూరులో ఉన్నా, కరీంనగరంలో ఉన్నా నిద్ర పట్టదు. టెలివిజన్ తెర మీద తెల్లని సుడి తిరుగుతుంటే, అది నేరుగా ఆ ఓడ మీదికే వస్తున్నట్లు తోస్తుంది. మసక వెలుతురులో తాడును చూసి పామనుకొని భయపడిన మనిషి స్థితి వంటిదే ఇది. ఆ భయాన్ని పోగొట్టేది ధైర్యవచనం కాదు, వెలుతురు. తుపానును గురించిన జ్ఞానమే ఆ వెలుతురు.

పైపొర నుండి కొంత లోతు వరకు సముద్రజలం సుమారు 26.5 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడెక్కినప్పుడు, దాని నుండి లేచే నీటి ఆవిరి తుపానుకు ఆహారమవుతుంది. ఆవిరి పైకి వెళ్లి చల్లబడి మేఘంగా మారేటప్పుడు విడుదలయ్యే ఉష్ణమే ఆ మహాయంత్రాన్ని నడిపే ఇంధనం. భూభ్రమణం ఆ గాలులను సుడి తిప్పుతుంది. అల్పపీడనంగా పుట్టినది క్రమంగా బలపడి, గాలివేగం గంటకు 119 కిలోమీటర్లకు చేరితే అట్లాంటిక్ ప్రాంతంలో దానిని హరికేన్ అంటారు. బంగాళాఖాతంలో తుపానుగా మనం ఎరిగినది కూడా ఈ జాతిదే. ఇంగ్లీషువారు వాడే సైక్లోన్ అనే మాట పుట్టినది సైతం మన తీరానికి ఎంతో దూరంలో కాదు. 19వ శతాబ్దంలో కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్, పాము చుట్టను స్ఫురింపజేసే గ్రీకు మాట ఆధారంగా ఆ పేరు కల్పించాడు. తుపానుల నడకను నావికులకు బోధించడానికి 1848లో ఆయన ఒక గ్రంథమే ప్రకటించాడు. ఆ కాలానికి కొద్దిగా ముందు, 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన కాకినాడకు సమీపాన ఉన్న కోరంగి రేవును ధ్వంసం చేసింది. ఓడల నిర్మాణానికి పేరుపొందిన ఆ రేవు మళ్లీ పూర్వవైభవాన్ని పొందలేదు. తుపాను శాస్త్రం పుస్తకాల గదుల్లో పుట్టిన శాస్త్రం కాదు. మునిగిన ఓడల నుండి, రాని మనుషుల నుండి మనిషి నేర్చుకున్న పాఠం అది.

నేడు అట్లాంటిక్ తుపానుల గమనాన్ని మయామిలోని జాతీయ హరికేన్ కేంద్రం ఆరు గంటలకొకసారి ప్రకటిస్తుంది. ఆ ప్రకటనతో పాటు వచ్చే పటంలో గరాటు వంటి ఒక ఆకారం కనిపిస్తుంది. చూసేవారిలో చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ గరాటు తుపాను పరిమాణాన్ని తెలిపేది కాదు. తుపాను కేంద్రం ఎక్కడెక్కడికి పోవచ్చునో, గత అంచనాల్లోని పొరపాట్లను లెక్కకట్టి గీసిన హద్దు అది. దాదాపు మూడింట రెండు వంతుల సందర్భాలలో కేంద్రం ఆ హద్దులో ఉంటుంది. తక్కిన సందర్భాలలో దానిని దాటిపోతుంది. కేంద్రం హద్దులోనే ఉన్నా, గాలివానలు మాత్రం హద్దుకు ఎంతో ఆవలికి విస్తరించవచ్చు. కాబట్టి గరాటులో ఉన్నామని గుండె జార్చుకోవడం ఎంత తొందరపాటో, గరాటు బయట ఉన్నామని నిశ్చింతగా కూర్చోవడం కూడా అంతే తొందరపాటు. తెలిసినదానిని మాత్రమే కాక, తెలియనిది ఎంతో కూడా కొలిచి చెప్పడం శాస్త్రం గొప్పతనం. ఆ కొలతను చదవగలగడం విద్యావంతుని కర్తవ్యం.

ఇక ఓడ సంగతి. ఉష్ణమండలంలో తుపాను సాధారణంగా గంటకు 15 నుండి 25 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. పెద్ద విహారనౌక గంటకు సుమారు 40 కిలోమీటర్లు పోగలదు. వార్త సకాలంలో అందితే తప్పుకొని పోయే శక్తి ఓడకు ఉన్నది. అంచనాలో జరగగల పొరపాటును ఒక రోజుకు 100, రెండు రోజులకు 200, మూడు రోజులకు 300 నాటికల్ మైళ్లుగా లెక్కవేసి, గాలుల వ్యాప్తికి ఆ దూరాన్ని కలిపి, ఆ మేరకు ఎడంగా ఉండాలన్న సూత్రాన్ని నావికులు పాటిస్తారు. అందువల్లనే తుపాను వార్త రాగానే నౌక ఒక దీవికి బదులు మరొక దీవికి పోతుంది. ఒక్కొక్కప్పుడు రేవు చేరడం రెండు రోజులు ఆలస్యమవుతుంది. చూడదలచిన చోటు చూడలేకపోయామని ప్రయాణికులు చిన్నబుచ్చుకోవడం సహజమే. కాని దారి మార్చిన నౌకాధిపతి విహారాన్ని చెడగొట్టినవాడు కాడు, తన ధర్మాన్ని నెరవేర్చినవాడు.

ఆ ధర్మంలో ఏమరుపాటుకు ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో 2015లో లోకం చూసింది. ఎల్ ఫారో అనే సరుకుల ఓడ ఫ్లోరిడా నుండి ప్యూర్టోరికోకు పోతూ, అక్టోబరు 1న బహామాస్ సమీపంలో హోకిన్ తుపానులో చిక్కి మునిగిపోయింది. అందులోని 33 మందిలో ఒక్కరూ మిగలలేదు. ఓడ అధిపతి ఆధారపడిన వాతావరణ సమాచారం కొన్ని గంటలు పాతబడినదని తరువాత జరిగిన విచారణలో తేలింది. తుపాను వేళ నిన్నటి నిజం నేటికి అబద్ధమవుతుంది. ఒడ్డున ఉండి వార్తలు పంచుకునేవారు గుర్తుంచుకోవలసిన మాట కూడా ఇదే. ఎప్పటి పటమో, ఎవరు గీసినదో చూడకుండా పదిమందికి పంపేవారు మేలు చేస్తున్నామనుకుంటూ కీడు చేస్తున్నారు.

అంతకు ముందు, 1998 అక్టోబరులో, ఫాంటోమ్ అనే తెరచాపల విహారనౌక కథ ఇంతకన్నా లోతైన ప్రశ్నను మన ముందుంచుతుంది. మిచ్ అనే మహోగ్రమైన హరికేన్ సమీపిస్తున్నదని తెలిసి, ఆ నౌక పర్యాటకులను బెలిజ్ నగరంలో దింపివేసింది. వారందరూ క్షేమంగా ఇళ్లకు చేరారు. ఓడను కాపాడే పని మీద 31 మంది సిబ్బంది మాత్రం తిరిగి సముద్రం మీదికి వెళ్లారు. ఉత్తరంగా మళ్లుతుందనుకున్న తుపాను దక్షిణంగా హోండురాస్ వైపు వాలింది. ఓడ తిరిగి రాలేదు. 31 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. ఆ తరువాత మిచ్ కురిపించిన వానలకు, విరిగిపడిన కొండచరియలకు హోండురాస్, నికరాగువా మొదలైన దేశాల్లో వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. పర్యాటకుల బంధువులకు ఆ తుపాను బెలిజ్‌లోనే ముగిసింది. పనివారి కుటుంబాలకు, ఆ దేశాల పేదలకు అది అప్పుడే మొదలైంది.

తనవారు క్షేమమని తెలియగానే తుపాను వార్త కట్టివేయడం మనిషి బలహీనత. నిజానికి కన్ను తిప్పుకోకూడని సమయం అదే. ఓడకు చుక్కాని ఉన్నది, యంత్రం ఉన్నది, అది తప్పుకుంటుంది. దీవికి చుక్కాని లేదు. 2019 సెప్టెంబరు 1న డోరియన్ హరికేన్ గంటకు 295 కిలోమీటర్ల గాలులతో బహామాస్‌లోని అబాకో దీవులను తాకి, గ్రాండ్ బహామా మీద ఒక రోజుకు పైగా కదలకుండా నిలిచింది. విహారనౌకలు ముందే దారి మార్చుకున్నాయి. దీవుల్లోని ఇళ్లు మాత్రం నేలమట్టమయ్యాయి. 70 మందికి పైగా మరణించారు. అయితే ఆ వెంటనే జరిగిన ఒక సంఘటన చెప్పుకోదగినది. ఒక విహారనౌక సహాయసామగ్రితో ఆ దీవికి తిరిగి వెళ్లి, నిలువ నీడ లేని వెయ్యిమందికి పైగా ప్రజలను ఫ్లోరిడాకు చేర్చింది. తప్పుకోవడం ఓడకు వివేకం. తుపాను వెళ్లాక తిరిగి రావడం మనిషికి సంస్కారం.

దూరాన ఉన్నవారు బాధపడినంత మాత్రాన తుపాను ఆగుతుందా అని కొందరు ప్రశ్నించవచ్చు. తుపాను ఆగదు, కాని చావులు ఆగుతాయి. అందుకు సాక్ష్యం వెతుక్కుంటూ కరీబియన్ దాకా పోనక్కరలేదు. 1999లో ఒడిశాను తాకిన పెనుతుపానులో సుమారు 10,000 మంది మరణించారు. 2013లో ఫైలిన్ తుపాను అదే తీరాన్ని భయంకరమైన వేగంతో తాకినప్పుడు మృతుల సంఖ్య పదులకే పరిమితమైంది. మధ్యకాలంలో మారినది సముద్రం కాదు. హెచ్చరికలు మెరుగుపడ్డాయి, తుపాను రక్షణ భవనాలు లేచాయి, లక్షలాది ప్రజలను ముందే తరలించారు. తీరాన్ని కదిలించలేకపోయినా తీరవాసులను కదిలించవచ్చునని ఆ అనుభవం నిరూపించింది. ఆంధ్ర తీరానికి ఈ పాఠం కన్నీటితో నేర్చినదే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేల ప్రాణాలను బలిగొన్నది. 1996 నవంబరులో గోదావరి ముఖద్వారం వద్ద తీరం దాటిన తుపాను, చేపల వేటకు వెళ్లిన వందలాది మత్స్యకారులను తిరిగి రానివ్వలేదు. వారివి విహారనౌకలు కావు, చిన్న పడవలు. తుపానును దాటిపోయే వేగం వాటికి లేదు. వారి ఇళ్లవద్ద ఎదురుచూసినవారికి పటమూ లేదు, ఫోనూ లేదు. నేడు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తును, సముద్రస్థితిని ముందుగా లెక్కగట్టి మత్స్యకారులకు తెలియజేస్తున్నది. వాతావరణ శాఖ హెచ్చరికను అనుసరించి రేవుల్లో ప్రమాద సూచికలు ఎగురుతున్నాయి. ఆ సూచిక ఏ సంఖ్యకు ఏ అర్థమో తీరప్రాంతపు బాలబాలికలందరికీ తెలియాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదు.

తనవారి కోసం తుపానును గమనించడం తప్పు కాదు. ప్రేమ ఎప్పుడూ సొంత ఇంటి నుండే మొదలవుతుంది. కాని గుమ్మం దగ్గరే ఆగిపోయే ప్రేమ అసంపూర్ణం. ఓడ మీది అమ్మానాన్నల కోసం తుపాను పటాన్ని చదవడం నేర్చిన చూపు, అదే పటంలోని దీవిని, ఆ దీవిలోని రేకుల ఇంటిని, ఆ ఓడలోనే వంటచేసే పనివానిని కూడా చూడగలగాలి. ఉప్పాడ ఒడ్డున పడవను ఇసుక మీదికి లాగుతున్న మత్స్యకారుని కూడా చూడగలగాలి. భయాన్ని జ్ఞానంగా మార్చుకోవడం మొదటి మెట్టు. ఆ జ్ఞానాన్ని కరుణగా మార్చుకోవడం రెండవ మెట్టు. మొదటి మెట్టు ఎక్కడానికి నేటి కాలంలో సాధనాలు కావలసినన్ని ఉన్నాయి. రెండవ మెట్టుకు సాధనం మనస్సు ఒక్కటే.