ఖజూర్ రోడ్డు నుంచి కోటపాడు తీర్థం దాకా

కె. కోటపాడు చుట్టుపక్కల తీర్థాల కాలం వచ్చిందంటే ఊళ్ళు రాత్రిళ్ళు నిద్రపోవు. చెరకు ఆడించడం అయిపోయి, బెల్లం దిమ్మలు అనకాపల్లి మార్కెట్టుకు చేరి, చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులవి. అమ్మవారి గుడి ముందు నేలవేషాలు, ఓ పక్క కోలాటం, ఇంకో పక్క తప్పెటగుళ్ళు. ఇప్పుడు వీటన్నిటి మధ్యా నిలువెత్తు డీజే బాక్సులు వచ్చి నిలబడ్డాయి. అందులోంచి వినపడేది మొన్న విడుదలైన సినిమా పాట. ఆ మోతలో తప్పెట మీద పడే అరచేతి దెబ్బ పక్కన నిలబడ్డవాడికి కూడా వినపడదు.

ఇలాంటి చోట ఢిల్లీ బ్యాండు ఇండియన్ ఓషన్ ఆల్బం ‘తూ హై’ ఊసెందుకు అనిపించవచ్చు. కానీ తప్పెట దెబ్బ వినపడకపోవడం గురించి బాధపడే ప్రతి ఒక్కరూ తెలుసుకోవలసిన సంగతి ఆ ఆల్బం వెనక ఉంది.

ఇండియన్ ఓషన్ 1990లో ఢిల్లీలో పుట్టింది. మొదటి ఆల్బం 1993లో వచ్చింది. ఈ ‘తూ హై’ 2023లో వచ్చింది. దానికి ముందుది ‘తందాను’, 2014 నాటిది. అంటే ఈ రెండు ఆల్బాల మధ్య తొమ్మిదేళ్ళు. వారానికో పాట విడుదలై, పై వారానికి పాతబడిపోయే రోజుల్లో, సినిమా అండ మీదే ఆధారపడని ఒక బ్యాండు తొమ్మిదేళ్ళు ఓపిక పట్టింది. అంతకాలం శ్రోతలు కూడా దాన్ని వదల్లేదు.

ఈ ఓపిక ఊరికే రాలేదు. కరోల్ బాగ్‌లో 16/330, ఖజూర్ రోడ్డు అనే చిరునామాలో ఒక పాత బంగళా ఉండేది. ఏళ్ళ తరబడి వాళ్ళ సాధన అక్కడే. సుస్మిత్ సేన్ గితారు, రాహుల్ రామ్ బేస్ గితారు, అమిత్ కిలామ్ డ్రమ్ములు. అసీమ్ చక్రవర్తి తబలా వాయిస్తూనే పాడేవాడు. 2009 డిసెంబరులో అసీమ్ చనిపోయాడు. 2013లో సుస్మిత్ బయటికి వెళ్ళిపోయాడు. ఇలాంటి దెబ్బ ఒక్కటి తగిలినా చాలా బృందాలు చెదిరిపోతాయి. ఇండియన్ ఓషన్ చెదరలేదు. అసీమ్ ఒక్కడి చోటు నింపడానికి ఇద్దరు కావలసి వచ్చింది: గొంతుకు హిమాంశు జోషి, తబలాకు తుహీన్ చక్రవర్తి. గితారుకు నిఖిల్ రావు వచ్చాడు. రాహుల్, అమిత్‌లతో కలిపి ‘తూ హై’ ఈ ఐదుగురి ఆల్బం. మనుషులు మారినా బ్యాండు పేరు నిలిచిందంటే, వాళ్ళు కాపాడుకున్నది ఒకరి గొంతునో ఒకరి వేళ్ళనో కాదు, పాట కట్టే పద్ధతిని.

ఆ పద్ధతి ఏమిటి? పాట ఎక్కడుంటే అక్కడికి వెళ్ళడం. రాహుల్ రామ్ అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పర్యావరణ విషశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి వచ్చి, నర్మదా బచావో ఆందోళనలో పనిచేశాడు. ‘మా రేవా’ ఆ నర్మదా లోయ జానపదమే. 2000లో వచ్చిన ‘కందిసా’ కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థన. దాని భాష అరమాయిక్. 2003 నాటి ‘ఝీనీ’లో కబీరు పలికాడు. ఎవరి పాటనైనా తెచ్చుకుని పైన నాలుగు వాయిద్యాలు అతికిస్తే అది ప్రయోగం అనిపించుకోదు. ఆ పాట నడకను ముందు తమ ఒంటికి పట్టించుకుని, తరువాత గితారును దానికి లోబరిచారు. వినేవాడికి ఏది పాతదో ఏది కొత్తదో విడదీయాలని కూడా అనిపించదు.

మరి మన వైపు? రమణ గోగుల విశాఖపట్నం మనిషి. 1996లో మిస్టీ రిథమ్స్ అనే తన బ్యాండుతో ‘ఆయే లైలా’ ఆల్బం తెచ్చాడు. రెండేళ్ళకు ‘ప్రేమంటే ఇదేరా’కు సంగీతం చేశాడు. ఆ తరువాత ‘తమ్ముడు’, ‘బద్రి’. ఆ గొంతులోని జీర తెలుగు పాటకు కొత్త రుచి చూపించింది. చాలా ఏళ్ళ విరామం తరువాత 2025 సంక్రాంతి సినిమాలో ‘గోదారి గట్టు’ పాడితే జనం ఆ జీరను ఇట్టే గుర్తుపట్టారు. కానీ తెలుగువాళ్ళు ఆయన్ను గుర్తుపెట్టుకున్నది సినిమా మనిషిగానే. మొన్నమొన్నటి చౌరస్తా బ్యాండు కూడా అంతే. ఊరి పాటలతో పేరు తెచ్చుకున్న ఆ బృందంలోని రామ్ మిరియాల ‘చిట్టి’తో, ‘డీజే టిల్లు’తో ఇంటింటికీ చేరాడు. సినిమాకు వెళ్ళడం తప్పని ఎవరూ అనరు. దాని వల్లే అన్నం దొరుకుతుంది, పేరు దొరుకుతుంది. ఏళ్ళ తరబడి కలిసి కూర్చుని పాట కట్టుకునే ఖజూర్ రోడ్డు బంగళా మాత్రం మనకు దొరకలేదు.

ముడిసరుకు లేకనా? ఉత్తరాంధ్ర జముకును ఒకసారి దగ్గరగా చూడాలి. కుంచం లాంటి గుండ్రటి పాత్ర. అడుగున బిగించిన తోలు. ఆ తోలు నడిమధ్యలోంచి సాగే ఒక తీగ, దాని కొసన చిన్న కర్రముక్క. పాత్రను చంకన ఇరికించి, కర్రను పిడికిట పట్టి, తీగను లాగి మీటుతారు. లాగితే స్వరం పైకి పోతుంది, వదిలితే కిందికి జారుతుంది. ఒక్క తీగే తాళం వేస్తుంది, పాడేవాడికి శ్రుతి అందిస్తుంది, కథలో దుఃఖం వచ్చిన చోట తనూ ఏడుస్తుంది. బేస్ గితారు చేసే పని ఇంచుమించు ఇదే.

ఆ బలాన్ని గుర్తెరిగిన మనిషి వంగపండు ప్రసాదరావు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో పుట్టి, విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసి, 1972లో గద్దరుతో కలిసి జననాట్యమండలి కట్టాడు. అమ్మవారి కథలు చెప్పే జముకు బాణీలో కూలీ కథ చెప్పాడు. ‘భూమి భాగోతం’ ఆడాడు. యంత్రం గురించి ఆయన రాసిన పాటలో ఫిట్టరుగా పనిచేసిన అనుభవం ఉంది. 2020 ఆగస్టులో ఆయన పోయినప్పుడు అందరూ ఉద్యమ కవిగా తలుచుకున్నారు. అది సబబే. దానితో పాటు ఆయన చేసిన సంగీత ప్రయోగాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పాత వాయిద్యం చేత కొత్త మాట పలికించడం ఇండియన్ ఓషన్ కన్నా ముందే ఈ నేల మీద జరిగింది.

ఆ దారి అక్కడితో ఆగిపోకూడదని ఈ పత్రిక గట్టిగా కోరుకుంటోంది. కోటపాడు, చోడవరం, సబ్బవరం కుర్రాళ్ళ చేతుల్లో ఇవాళ గితార్లున్నాయి, కీబోర్డులున్నాయి, ఫోనులోనే రికార్డు చేసుకునే వీలుంది. ‘16/330 ఖజూర్ రోడ్’ ఆల్బాన్ని 2010లో ఇండియన్ ఓషన్ నెలకో పాట చొప్పున ఇంటర్నెట్టులో ఉచితంగా ఇచ్చింది. కంపెనీ వచ్చి తలుపు తట్టేదాకా ఆగవలసిన పని లేదని అప్పుడే తేలింది. ఇక్కడ కావలసింది ఊళ్ళో ఒక గది, వారానికి రెండు సాయంత్రాలు, జముకు పట్టిన ఒక పెద్దాయన. ఆయన పేరు ఆల్బం అట్ట మీద అందరికన్నా ముందు ఉండాలి, వచ్చిన డబ్బులో ఆయన వాటా ఆయనకు చేరాలి.

పైయేడు తీర్థానికి చందాలు వసూలు చేసే పెద్దలకు ఒక విన్నపం. డీజేకు ఇచ్చే సొమ్ములోంచి కొంత తీసి తప్పెటగుళ్ళ బృందానికి రెండు మంచి మైకులు పెట్టించండి. రాత్రి పది దాటాక ఒక్క గంట బాక్సులు ఆపించండి. ఆ గంటనూ ఎవరో ఒక కుర్రాడి చేత మొదటినుంచి చివరిదాకా రికార్డు చేయించండి.