తైలమునకు ముందు ఎక్స్‌రే

ఢిల్లీలోని జనక్‌పురిలో గాని, మన తెలుగు పల్లెలలో గాని, ఆటలాడు వయసు పిల్లవాడు మోకాలు నొప్పియనిన, దెబ్బ తగిలియుండునని తలచి పెద్దలు తైలము రాచి కట్టు కట్టుదురు. పెక్కుమారులు అది దెబ్బయే. కాని వారములు గడచినను తగ్గక, వాపుతో కూడి, రాత్రి నిద్ర చెరచు నొప్పి వేరు. అది ఎముకలో కణితికి సూచన కావచ్చును. అట్టి నొప్పికి ఎక్స్‌రే మొదటి పని కావలెనే గాని చివరి పని కారాదు.

ఏలయన, ఎముక రాయివంటి జడపదార్థము కాదు. దానిని కరగించు కణములును, తిరిగి కట్టు కణములును నిరంతరము పనిచేయుచుండును. ఈ పనిని నడపు ఆజ్ఞలలో కొన్ని మన రక్షణ వ్యవస్థ వాడు సందేశ ద్రవ్యములే. తెల్ల రక్తకణములు వెలువరించు ఒక ద్రవ్యము ఎముకను కరగింపజేయునని 1972లో వెల్లడియైనది. అందు ముఖ్యమైనది ఇంటర్‌ల్యూకిన్-1 అని 1985లో తేలినది. కరగించు కణములను పుట్టించు ర్యాంక్-లైగాండ్ అను ప్రధాన సంకేతము 1990 దశకము చివర తెలియవచ్చినది.

కణితి ఈ ఆజ్ఞలనే దొంగిలించును. జెయింట్ సెల్ ట్యూమరు సాధారణముగా 20 నుండి 40 ఏండ్ల వారికి, తరచుగా మోకాలి దగ్గర వచ్చును. అందు ఎముకను తినునవి పెద్ద కణములు. అవి అసలు కణితి కావు. ప్రక్కననున్న కణితి కణములు ర్యాంక్-లైగాండ్‌ను అధికముగా పంపి వానిని రప్పించును. కంచె చేను మేసినట్లు, మన కణములే మన ఎముకను తినును. పిల్లలలోను యువకులలోను వచ్చు ఆస్టియోసార్కోమాలో, కరగిన ఎముక నుండి వెలువడు వృద్ధికారకములు కణితికి ఆహారమగును. కావున ఆలస్యము రెండు విధముల చేటు. గుల్లబారిన ఎముకను గట్టిగా మర్దించిన విరుగుటయు సంభవము.

ఆ సంకేతమును అడ్డగించు డెనోసుమాబ్ అను మందును జెయింట్ సెల్ ట్యూమరునకు 2013లో అమెరికా ఆమోదించినది. అది ఎముక క్షయమును ఆపును గాని కణితిని నిర్మూలింపదు. మాన్పిన పిదప కణితి తిరిగి రావచ్చును. ఆస్టియోసార్కోమాకు మందులును శస్త్రచికిత్సయు కలిపి చేయుదురు. ఆ మందులలో ముఖ్యమైన మెథోట్రెక్సేటు, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధక బృందమునుండి వచ్చినదే. కాని రోగము గుర్తింపబడనిచో ఏ మందును అక్కరకు రాదు.

ప్రతి నొప్పికి ఎక్స్‌రే యేల యని కొందరందురు. ప్రతి నొప్పికి అక్కరలేదు. మూడు వారములు దాటిన నొప్పికి, రాత్రి నొప్పికి, పెరుగు వాపునకు మాత్రము తప్పక కావలెను. జనక్‌పురివారికి చేరువనే హరినగర్‌లో దీనదయాళ్ ఉపాధ్యాయ ప్రభుత్వ ఆస్పత్రి కలదు. కణితి యని అనుమానము కలిగినచో, ముక్క తీసి పరీక్షించుట శస్త్రచికిత్స చేయగల ఎయిమ్స్ వంటి పెద్ద ఆస్పత్రిలోనే జరుగవలెను.

తైలము రాయు చేతులలో ప్రేమ కలదు. ఆ ప్రేమయే బిడ్డను సకాలమున వైద్యుని యొద్దకు చేర్పవలెను.